రాజును పొగడని పాటల దారి

తిరుపతి నుంచి మదనపల్లెకు బస్సులో సుమారు మూడు గంటలు. దారికి ఒక కొసన కొండమీద అన్నమయ్య రాగిరేకులు. రెండో కొసన 'జనగణమన'కు స్వరాలు రాసిన కళాశాల. నడుమ చంద్రగిరి కోట. 'పాట ఎవరిని పొగడాలి?' అన్న ప్రశ్న తలెత్తినప్పుడల్లా గుర్తుచేసుకోవాల్సిన దారి ఇది.

తెల్లవారుజామున తిరుపతి బస్టాండులో అడుగుపెడితే ఎటు చూసినా గుండ్లే. చేతుల్లో లడ్డూల సంచులు, నిద్ర చాలని కళ్లు, ఊరి బస్సు ఎక్కడ ఆగుతుందోనని వెతుకులాట. మదనపల్లె బస్సు దగ్గర మాత్రం ఆ సందడి కాస్త తక్కువ. ఎక్కేవాళ్లలో యాత్రికుల కంటే పనుల మీద తిరిగేవాళ్లే ఎక్కువ. కాలేజీ పిల్లలు, మండీకి వెళ్లే వ్యాపారులు, చుట్టాలింటికి బయల్దేరిన కుటుంబాలు... అటువైపు చూడ్డానికి ఏముందని అడిగితే హార్స్‌లీ కొండల పేరు చెబుతారు. రిషివ్యాలీ బడి పేరు చెబుతారు. కాస్త వయసు పైబడినవాళ్లయితే 'జనగణమనకు బాణీ కట్టింది మా మదనపల్లెలోనే' అని గొప్పగా చెబుతారు.

ఆ మాటలో నిజమెంతో మదనపల్లె చేరాక చూద్దాం. అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. అసలా పాట ఎవరి కోసం? దేశం కోసమా, దేవుడి కోసమా, లేక కొందరు ఇప్పటికీ అంటున్నట్టు ఇంగ్లండు రాజు కోసమా? విచిత్రమేమిటంటే, ఇలాంటి ప్రశ్నే ఐదువందల ఏళ్ల కిందట ఒక కవికి ఎదురైంది. అందుకే ప్రయాణాన్ని కొండమీద నుంచే మొదలుపెట్టాలి.

రాగిరేకుల అర

తాళ్లపాక అన్నమాచార్యులు 1408లో పుట్టి 1503 దాకా జీవించాడు. 32 వేల సంకీర్తనలు రాశాడని ఆయన మనవడు చిన తిరువేంగళనాథుడు చెప్పాడు. దొరికినవి అందులో సగానికి తక్కువే. ఆ మాత్రమైనా దక్కాయంటే కారణం రాగిరేకులు. తాటాకు మీదైతే చెదలు పడుతుందని తాళ్లపాక వారు పాటల్ని రాగిరేకుల మీద చెక్కించారు. తిరుమల గుడిలో 'సంకీర్తన భాండారం' అనే చిన్న రాతి అరలో దాచారు. శతాబ్దాల పాటు ఎవరికీ పట్టకుండా పడున్న ఆ రేకుల్ని ఇరవయ్యో శతాబ్దంలో బయటికి తీసి, చదివి, అచ్చువేశారు. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు అందుకోసం ఏళ్ల తరబడి శ్రమపడ్డారు.

రేకుల మీద ప్రతి పాటకూ రాగం పేరుంది. స్వరాలు మాత్రం లేవు. అంటే మాట మిగిలింది, బాణీ పోయింది. ఈరోజు మనం వింటున్న అన్నమయ్య పాటల్లో చాలావాటికి బాణీలు రాళ్లపల్లి, బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి లాంటివాళ్లు కట్టినవి. ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి. మదనపల్లెలో దీనితో పనిపడుతుంది.

చంద్రగిరిలో ఆగితే...

తిరుపతి దాటిన అరగంటలోపే చంద్రగిరి. కొండ వాలున కోటగోడలు, వాటి లోపల రాజమహల్, రాణిమహల్. రాజమహల్ ఇప్పుడు పురావస్తుశాఖ మ్యూజియం. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఇదొకటి. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ కోట కట్టుకున్న నేల వ్యవహారం కూడా ఈ చంద్రగిరి రాజుల పేరుతోనే ముడిపడి ఉంది. ఇంగ్లిషువాళ్ల ఏలుబడికి దక్షిణాదిన తొలి గజం భూమి దొరికిన కథలో ఈ కోటకూ ఒక పుట ఉందన్నమాట.

అంతకు రెండు శతాబ్దాల ముందు, సాళువ నరసింహరాయలు బలపడింది చంద్రగిరి కేంద్రంగానే. 1485 ప్రాంతంలో విజయనగర సింహాసనం ఎక్కాడు. అన్నమయ్య మీద ఆయనకు మొదట్నుంచీ గౌరవం. కవిని పిలిపించుకున్నాడు, ఆదరించాడు. అన్నమయ్య పాడిన శృంగార కీర్తన ఒకటి విని మురిసిపోయి, అలాంటి పాటే తన మీదా ఒకటి చెప్పమన్నాడట. అన్నమయ్య చెవులు మూసుకున్నాడు. హరిని పాడిన నాలుక మరొకరిని పొగడదన్నాడు. రాజుకు కోపం వచ్చింది. సంకెళ్లు వేయించాడు. కవి స్వామిని తలచుకుని పాడితే సంకెళ్లు ఊడి పడ్డాయనీ, రాజు దిగివచ్చి క్షమించమన్నాడనీ మనవడు రాసిన చరిత్ర చెబుతోంది.

సంకెళ్లు ఊడటం మహిమా, కల్పనా అన్నది నమ్మకాన్ని బట్టి ఉంటుంది. ఆ కథను తరతరాలుగా జనం గుర్తుంచుకున్నారన్నది మాత్రం వాస్తవం. అందులో వాళ్లకు నచ్చింది మహిమ ఒక్కటే కాదు. రాజు అడిగినా లొంగని నాలుక. తెలుగునాట రాజకీయం నిండిన పాటల చరిత్ర ఎవరైనా రాస్తే, తొలి పుటల్లో ఒకటి ఈ 'పాడను' అన్న మాటకు ఇవ్వాల్సిందే.

ఘాటు దాటాక

చంద్రగిరి వదిలితే కాసేపటికే భాకరాపేట ఘాటు. రెండువైపులా అడవి. మలుపు మలుపుకీ డ్రైవరు హారన్ మోగిస్తాడు. కిటికీల్లోంచి వచ్చే గాలి వేడి తగ్గుతుంది. ఘాటు దిగాక పీలేరు, ఆ తర్వాత కలికిరి, వాయల్పాడు. గుండ్లు పేర్చినట్టున్న కొండలు, వాటి మధ్య చింతచెట్లు, మామిడితోటలు, మడికట్టుగా వేసిన టమోటా తోటలు. నీరు దొరికిన చోట పచ్చగా, దొరకని చోట ఎర్రగా కనిపించే సీమ నేల.

మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. తిరుపతిలో ఉక్కపోత భరించలేని రోజు కూడా ఇక్కడ సాయంత్రానికి గాలి చల్లబడుతుంది. ఊళ్లోకి రాగానే పలకరించేది టమోటా. క్రేట్లు, లారీలు, మండీల్లో వేలంపాటల కేకలు. 2023 జూలైలో ఇక్కడ కిలో టమోటా 200 రూపాయల దాకా వెళ్లినప్పుడు దేశమంతా మదనపల్లె పేరు వింది. ధర పడిపోయి రైతు పంటను రోడ్డు పక్కన పారబోసిన రోజుల్లో మాత్రం ఆ పేరు అంతగా వినిపించదు.

ఈ సందడికి కాస్త ఎడంగా, చెట్ల నీడన ఉంది బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాల. ఊరివాళ్లకు మాత్రం బి.టి. కాలేజీ.

గుర్తింపు పోగొట్టుకున్న కళాశాల

1915లో ఈ కళాశాల మొదలైంది. రాయలసీమలోని పాత కళాశాలల్లో ఇదొకటి. పేరులో ఉన్న బీసెంట్ అంటే అనీబిసెంట్. దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షురాలిగా మద్రాసు అడయారులో ఉంటూ, 1916లో హోంరూల్ ఉద్యమం లేవదీసిన మనిషి. 1917 జూన్‌లో ప్రభుత్వం ఆమెను నిర్బంధించి ఊటీకి పంపింది. దేశమంతా గొడవ చెలరేగడంతో సెప్టెంబరులో వదిలేసింది. అదే ఏడాది డిసెంబరులో కలకత్తా కాంగ్రెసుకు ఆమె అధ్యక్షురాలు. కాంగ్రెసుకు మొట్టమొదటి మహిళా అధ్యక్షురాలు కూడా.

ఆమె పెట్టిన కళాశాల ఊరికే ఉంటుందా! మదనపల్లె విద్యార్థులు, అధ్యాపకులు హోంరూల్ ఉద్యమంలోకి దిగారు. ఫలితంగా మద్రాసు విశ్వవిద్యాలయం గుర్తింపు పోయింది. అప్పుడు బిసెంట్ అడయారులో జాతీయ విశ్వవిద్యాలయం నెలకొల్పారు. మదనపల్లె కళాశాల దాని గొడుగు కిందికి చేరింది. ఆ విశ్వవిద్యాలయానికి కులపతి ఎవరో కాదు... రవీంద్రనాథ్ ఠాగూరు.

ఠాగూరు మదనపల్లెకు విశ్రాంతి కోసం వచ్చాడని చాలా పుస్తకాలు రాస్తాయి. నిజమే. 1919 మొదట్లో మైసూరు, బెంగుళూరు వంటి చోట్ల ఉపన్యాసాలిచ్చి అలసిపోయాడు. చల్లటి ఊరు, చెట్లు, ప్రశాంతత... అన్నీ నిజమే. కానీ ఆయన దిగింది మామూలు విడిది బంగళాలో కాదు. రాజకీయం చేసినందుకు ప్రభుత్వం కన్నెర్రజేసిన ఒక విద్యాసంస్థలో. కులపతి తన సొంత కళాశాలకు వచ్చాడని చెప్పడమే సరైన మాట.

రాళ్లు విసిరిన చేతులు

అప్పుడు ఆ కళాశాల ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్. ఐర్లాండులోని బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన కవి. డబ్లిన్‌లో డబ్ల్యు.బి. యేట్స్ వంటివారితో కలిసి తిరిగినవాడు. 1915లో భార్యతో కలిసి మద్రాసు వచ్చి బిసెంట్ పత్రిక 'న్యూ ఇండియా'లో చేరాడు. 1916లో ఐర్లాండువాళ్లు ఈస్టర్ పండగనాడు ఇంగ్లండు మీద తిరగబడ్డారు. ఆ తిరుగుబాటును మెచ్చుకుంటూ కజిన్స్ రాశాడు. దాంతో పత్రికలో ఉద్యోగం పోయింది. అలా మదనపల్లె వచ్చి ఇంగ్లిషు పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు.

ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ కథ ఇంకా ఘాటైనది. 1902లోనే సంగీతంలో పట్టా పుచ్చుకుంది. పియానో ముందు కూర్చుంటే పక్కా కళాకారిణి. వీధిలోకి వస్తే మాత్రం ఆడవాళ్లకు ఓటుహక్కు కావాలని పోరాడిన ఉద్యమకారిణి. 1908లో ఐరిష్ మహిళల ఓటుహక్కు సంఘాన్ని స్థాపించినవాళ్లలో ఒకరు. 1910లో లండన్‌లో ప్రధానమంత్రి నివాసం మీద రాళ్లు విసిరి హాలోవే జైలుకు వెళ్లింది. 1913లో డబ్లిన్ కోట కిటికీలు పగలగొట్టి మళ్లీ జైలు. తమను రాజకీయ ఖైదీలుగా చూడాలని అక్కడ నిరాహారదీక్ష చేసింది.

మదనపల్లెలోనూ ఆమె ఊరుకోలేదు. ఊళ్లో మహిళల కోసం అబలాభివర్ధినీ సమాజం నడిపింది. 1917లో అడయారులో డొరొతీ జినరాజదాస తదితరులతో కలిసి విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పెట్టింది. అదే ఏడాది డిసెంబరులో సరోజినీనాయుడు నాయకత్వాన మహిళలు భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసి ఓటుహక్కు అడిగారు. ఆ ప్రయత్నం వెనుక ఉన్నది మార్గరెట్టే. మద్రాసు రాష్ట్రంలో 1921లో మహిళలకు ఓటు వచ్చింది.

రాళ్లు విసిరిన ఆ చేతులే 1919 ఫిబ్రవరి ఆఖరున కలం పట్టి, మదనపల్లెలో 'జనగణమన' స్వరాలు రాశాయి.

ఆ సాయంత్రం

కళాశాలలో విద్యార్థులు, అధ్యాపకులు వారానికోసారి ఒకచోట చేరి పాటలు పాడుకునేవారు. ఆ సరదా కూడికకు ఠాగూరు కూడా వచ్చాడు. నేనొకటి పాడనా అన్నాడు. బెంగాలీలో అందుకున్నాడు. కజిన్స్ దంపతులు తర్వాత రాసుకున్న జ్ఞాపకాల ప్రకారం, అంత పెద్ద మనిషికి గొంతు ఆశ్చర్యపోయేంత సన్నం. మొదట విన్నప్పుడు పాట వాళ్లకు భూగోళ పాఠంలాగే తోచిందట. ప్రాంతాల పేర్లు, కొండల పేర్లు, నదుల పేర్లు. పల్లవిలోని జయజయలు వచ్చేసరికి చెవులు నిక్కబొడుచుకున్నాయి. రెండో చరణానికి గొంతులు సవరించుకున్నారు. మళ్లీ పాడమన్నారు, మళ్లీ మళ్లీ పాడమన్నారు. కాసేపటికి అందరూ గొంతు కలిపారు.

బెంగాలీ రాని తెలుగు, తమిళ పిల్లలు. బెంగాలీ రాని ఐరిష్ దంపతులు. పాడమని ఎవరూ ఆజ్ఞాపించలేదు. లేచి నిలబడమని ఎవరూ చెప్పలేదు. పాట బాగుంది, పాడారు. అంతే.

తర్వాత మార్గరెట్ ఆ పాట అర్థాన్ని పంక్తి పంక్తికీ ఠాగూరును అడిగి తెలుసుకుంది. బాణీని పాశ్చాత్య స్వరలిపిలో కాగితం మీద పెట్టింది. ఠాగూరు ఇంగ్లిషు అనువాదం చేశాడు. దాని పేరు 'ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా'. 1919 ఫిబ్రవరి 28 నాటి అనువాదం అది. ఆ అనువాదాన్ని కళాశాల తన ప్రార్థనగీతం చేసుకుంది. ఠాగూరు మదనపల్లెను దక్షిణాది శాంతినికేతనం అన్నాడని ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

బాణీ ఎవరిది?

ఇప్పుడు బస్సులో పెద్దలు చెప్పే మాటకు వద్దాం. 'జనగణమన' బాణీ పుట్టింది మదనపల్లెలోనా? కాదు. ఆ పాటను 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసులో తొలిసారి బృందంగా పాడారు. బాణీ లేకుండా పాడరు కదా! బాణీ ఠాగూరుదే. హిందుస్తానీలో అల్హయ్యా బిలావల్ రాగం పోకడలు అందులో ఉన్నాయంటారు. మదనపల్లె చేసింది వేరే పని. గొంతులో ఉన్న దాన్ని ఏ దేశపు వాద్యగాడైనా చూసి వాయించగలిగేలా గుర్తుల్లోకి మార్చింది.

చిన్న పని అనిపిస్తుంది. అన్నమయ్యను గుర్తుచేసుకుంటే అదెంత పెద్ద పనో తెలుస్తుంది. రాగిరేకుల్లో మాటలున్నాయి, స్వరాలు లేవు. ఆయన తన పాటను ఎలా పాడాడో ఇవాళ ఎవరూ చెప్పలేరు.

స్వరం కాగితం మీద ఉండటం ఎందుకు ముఖ్యమో 1947లో మరోసారి తెలిసింది. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సమావేశాలప్పుడు మీ జాతీయగీతం ఇవ్వండి, వాయిస్తామని మన బృందాన్ని అడిగారు. దేశానికి అప్పటికి జాతీయగీతమే నిర్ణయం కాలేదు. చేతిలో 'జనగణమన' గ్రామఫోను రికార్డు ఒకటుంటే ఇచ్చారు. వాద్యబృందం దాన్ని విని సాధన చేసి వాయించింది. విన్న విదేశీ ప్రతినిధులు స్వరలిపి కావాలని వెంటపడ్డారు. 1948 ఆగస్టులో నెహ్రూయే రాజ్యాంగసభలో ఈ సంగతి చెప్పారు. ఆ తర్వాత ఇంగ్లిషు సంగీతకారుడు హెర్బర్ట్ మురిల్ వాద్యబృందానికి తగ్గట్టు దాన్ని కూర్చాడు. 1950 జనవరి 24న అది జాతీయగీతమైంది. పూర్తిగా పాడటానికి 52 సెకన్లు.

మదనపల్లెకు ఒక చిన్న ముచ్చట కూడా ఉంది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్‌లో. అప్పుడే మదనపల్లె కడప నుంచి విడిపోయి అందులో చేరింది. 'జనగణమన' లోకానికి వినిపించింది అదే ఏడాది డిసెంబరులో. జిల్లా, పాట ఒక ఈడువి!

ఏ రాజు?

అయితే ఆ 1911 డిసెంబరే పాటకు తిప్పలు తెచ్చిపెట్టింది. అప్పుడు ఐదో జార్జి చక్రవర్తి మనదేశంలో ఉన్నాడు. డిసెంబరు 12న ఢిల్లీ దర్బారులో బెంగాల్ విభజన రద్దు చేస్తున్నట్టు ప్రకటించాడు. ఆ ఆనందంలో కాంగ్రెసు ఆయనకు స్వాగత తీర్మానం చేసింది. ఆయన్ను పొగుడుతూ ఒక హిందీ పాట కూడా అదే సభలో పాడారు. ఇంగ్లిషు పత్రికలు రెండు పాటల్నీ కలగలిపి, ఠాగూరు చక్రవర్తికి స్వాగతగీతం రాశాడని వేశాయి. ఆ అపవాదు నేటికీ వీడలేదు.

ఠాగూరు 1937లో ఒక ఉత్తరంలో అసలు విషయం చెప్పాడు. సర్కారులో పలుకుబడి ఉన్న మిత్రుడొకడు చక్రవర్తి మీద పాట రాయమని అడిగాడట. ఆ మాటకు ఆయన మనసు అల్లకల్లోలమైంది. దానికి జవాబుగానే భారత భాగ్యవిధాతను కీర్తిస్తూ ఈ పాట రాశాడు. యుగయుగాల యాత్రికుల రథానికి సారథి ఏ ఐదో జార్జో, ఆరో జార్జో కాలేడని తేల్చిచెప్పాడు. పూర్తి పాటలో ఐదు చరణాలున్నాయి. జాతీయగీతంగా పాడేది మొదటిదే. మిగతావి చదివితే సందేహం తీరిపోతుంది. ఒకచోట భాగ్యవిధాత తరతరాల సారథి. మరోచోట చీకటి రాత్రి పిల్లల్ని ఒడిలో కాచుకునే తల్లి. మీసాల చక్రవర్తిని తల్లీ అని పిలిచే కవి ఎక్కడైనా ఉంటాడా!

ఇదీ ఈ దారికి రెండు కొసల్నీ కలిపే ముడి. సాళువ నరసింహుడు అడిగాడు, అన్నమయ్య పాడలేదు. జార్జి తరఫున అడిగారు, ఠాగూరు రాయలేదు. ఇద్దరూ ఒకే పని చేశారు. రాజు కంటే పెద్దవాణ్ని పాడారు. రాజుకు అంతకు మించిన ధిక్కారం ఏముంటుంది?

రాజకీయం ఉన్న పాట అంటే ఇప్పటి కుర్రకారుకు గుర్తొచ్చే రూపం వేరు. 1977లో ఇంగ్లండు రాణి పాతికేళ్ల పాలన పండగ జరుపుకుంటుంటే, సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బృందం ఆ దేశ జాతీయగీతం పేరే పెట్టి రాణిని ఎగతాళి చేస్తూ పాట విడుదల చేసింది. బీబీసీ నిషేధించింది. అయినా అమ్మకాల్లో రెండో స్థానానికి ఎగబాకింది. తర్వాతి పదేళ్లలో డిశ్చార్జ్, అమెబిక్స్ వంటి ఇంగ్లిషు బృందాలు దాన్ని ఇంకా మోటుగా మార్చాయి. 1982లో డిశ్చార్జ్ ఆల్బమ్, 1985లో అమెబిక్స్ ఆల్బమ్ దారి చూపగా తయారైన ఆ తీరుకు క్రస్ట్ పంక్ అని పేరు. గరుకు గిటార్లు, గొంతు చించుకునే అరుపులు, యుద్ధం మీదా అణుబాంబు మీదా ప్రభుత్వం మీదా కోపం. చెవికి ఇంపుగా ఉండటం వాళ్ల ఉద్దేశమే కాదు.

రాణిని తిట్టడం ఒక పద్ధతి. రాజు పేరే ఎత్తకపోవడం ఇంకో పద్ధతి. మొదటిది వెంటనే వినబడుతుంది. రెండోది వినబడటానికి ఏళ్లు పడుతుంది. ఒక్కోసారి అపార్థం కూడా అవుతుంది. 'జనగణమన' కథ అదే.

మూడు నెలలకే...

మదనపల్లె నుంచి ఠాగూరు వెళ్లిన కొద్దిరోజులకే, 1919 మార్చిలో రౌలట్ చట్టం వచ్చింది. ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో నెత్తురు పారింది. మే 31న ఠాగూరు బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన 'సర్' బిరుదును వదులుకున్నాడు. చక్రవర్తి భజన చేశాడని కొందరనే మనిషి, చక్రవర్తి ఇచ్చిన గౌరవాన్ని విసిరికొట్టాడు. మదనపల్లెలో పిల్లలతో కలిసి పాడిన సాయంత్రానికీ ఆ ఉత్తరానికీ మధ్య మూడు నెలలే.

మార్గరెట్ కూడా మారలేదు. 1932లో ఆర్డినెన్సుల పాలనను ఎదిరించి మద్రాసులో మాట్లాడింది. బుద్ధిగా ఉంటానని పూచీకత్తు ఇమ్మంటే ఇవ్వనంది. ఏడాది శిక్ష పడింది. పంపింది చిత్తూరుకు దగ్గర్లోని వేలూరు జైలుకు. ఇంగ్లండు, ఐర్లాండు, భారతదేశం... మూడుచోట్లా జైలుకెళ్లిన సంగీత విదుషి ఆమె. 1954లో కన్నుమూసింది. జేమ్స్ కజిన్స్ 1956లో మదనపల్లెలోనే చివరి శ్వాస విడిచాడు. డబ్లిన్ కవి ఈ నేలను వదిలి వెళ్లలేదు.

వెళ్లాలనుకుంటే తిరుపతి నుంచి, బెంగుళూరు నుంచి మదనపల్లెకు బస్సులున్నాయి. రైలైతే పాకాల - ధర్మవరం మార్గంలో మదనపల్లె రోడ్ స్టేషన్లో దిగి ఊళ్లోకి మరో బండి ఎక్కాలి. పొద్దున్నే బయల్దేరితే చంద్రగిరి కోట చూసుకుని మధ్యాహ్నానికి మదనపల్లె చేరొచ్చు. సాయంత్రం హార్స్‌లీ కొండలెక్కితే చలిగాలి అదనం.

అడిగితే పాడాలా?

ఇంతకీ ఈ ప్రశ్న పాతబడిపోయిందా? లేదు. 1985లో కేరళలో ముగ్గురు పిల్లల్ని బడి నుంచి పంపేశారు. వాళ్లు యెహోవా సాక్షుల మతం వాళ్లు. జాతీయగీతం పాడుతుంటే గౌరవంగా లేచి నిలబడతారు కానీ, దేవుణ్ని తప్ప మరొకరిని పాడకూడదని వాళ్ల నమ్మకం. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1986 ఆగస్టులో తీర్పు రాసింది తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. లేచి నిలబడటంలోనే గౌరవం ఉందని, పాడి తీరాలని ఏ చట్టమూ చెప్పడం లేదని ఆయన తేల్చారు. పిల్లల్ని మళ్లీ బడిలో చేర్చుకోమన్నారు.

2016 నవంబరులో అదే కోర్టు సినిమాహాళ్లలో జాతీయగీతం తప్పనిసరి చేసింది. నిలబడలేదని జనం ఒకర్నొకరు కొట్టుకున్న ఉదంతాలూ చూశాం. 2018 జనవరిలో కోర్టే ఆ తప్పనిసరిని తీసేసింది.

హరిని పాడిన నాలుక వేరొకరిని పాడదన్న అన్నమయ్యను మనం నెత్తిన పెట్టుకున్నాం. అదే మాట కేరళ పిల్లలు తమ దేవుడి గురించి అంటే బడి గుమ్మం చూపించాం. చంద్రగిరి కోట ముందు ఆగినప్పుడు ఈ సంగతి గుర్తుకొస్తే మనసు కొంచెం కలుక్కుమంటుంది. పొగడమని రాజు అడిగినా తప్పే అయితే, పొగడమని గుంపు అడిగితే ఒప్పెలా అవుతుంది?

2022 ఏప్రిల్‌లో జిల్లాల్ని విడదీసినప్పుడు మదనపల్లె చిత్తూరు నుంచి తెగి కొత్త జిల్లాలో చేరింది. ఆ జిల్లాకు పెట్టిన పేరు అన్నమయ్య. ఎవరు అనుకుని చేశారో, అనుకోకుండా జరిగిందో కానీ... రాజును పాడనన్న కవి పేరు, రాజును పాడని పాటకు స్వరాలు రాసిన ఊరు ఒక్క చోటికి వచ్చాయి.

వందేళ్ల కిందటి ఆ సాయంత్రం బి.టి. కాలేజీలో గొంతు కలిపిన పిల్లలకు ఆ పాట జాతీయగీతమవుతుందని తెలియదు. పాడకపోతే ఎవరూ ఏమీ అనరని మాత్రం తెలుసు. అయినా పాడారు. మళ్లీ మళ్లీ పాడమన్నారు.